ఆంబ్రోసియా పెంకుపురుగుల జాతి నిర్ధారణ: యూవాలేసియా ఫోర్నికేటస్ ఉదంతం

వ్యాససంగ్రహం: చెట్ల కలపను తొలిచి, ఆ సొరంగాల గోడలపై శిలీంధ్రాన్ని పెంచి, దానినే ఆహారంగా తీసుకొనే చిన్న పురుగులు ఆంబ్రోసియా పెంకుపురుగులు. ఉష్ణమండలంలో వీటి వైవిధ్యం ఎక్కువ, జాతి నిర్ధారణ కష్టం. తేయాకు, అవకాడో, దానిమ్మ వంటి పంటల సాహిత్యంలో తరచుగా కనిపించే యూవాలేసియా ఫోర్నికేటస్ అనే శాస్త్రీయనామం 2018, 2019 సంవత్సరాలలో రెండుసార్లు అర్థం మార్చుకొంది. ఆ ఉదంతం ఆధారంగా క్షేత్ర లక్షణాలు, బాహ్య స్వరూపం, మూల ప్రతిరూపం, డీఎన్ఏ, సహచర శిలీంధ్రం అనే సాక్ష్యాలలో ఒక్కొక్కటి ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఆంబ్రోసియా పెంకుపురుగు, యూవాలేసియా, గుప్త జాతులు, మూల ప్రతిరూపం, శిలీంధ్రకోశం, షాట్‌హోల్ బోరర్.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'కాండం తొలుచు పురుగు' అనేది ఒకే పురుగుకు పేరు కాదు. వరిలో ఆ పేరుతో వ్యవహరించేది ఒక రెక్కలపురుగు గొంగళిని. మామిడిలో అదే మాట పొడవాటి మీసాలుండే పెద్ద పెంకుపురుగు పిల్లకు చెల్లుతుంది. దానిమ్మ మొదలుపై గుండుసూది తలకన్నా చిన్న రంధ్రాలు చేసే రెండు మిల్లీమీటర్ల పురుగును కూడా కొందరు అలాగే అంటారు. మరికొందరు ఆంగ్ల వ్యవహారాన్ని అనుసరించి 'షాట్‌హోల్ బోరర్' అంటారు. పిట్టల తుపాకి గుండ్లు దిగినట్టు కాండమంతా చిల్లులు పడుతుంది కనుక ఆ పేరు వచ్చింది. రైతుకు ఈ వ్యవహారంతో పెద్ద ఇబ్బంది లేదు. చెట్టు ఆయన ఎదుటే ఉంటుంది, ఏ పురుగును గురించి మాట్లాడుతున్నాడో ఆయనకు తెలుసు. పరిశోధకుని పరిస్థితి వేరు. అతడు రాసిన పేరును మరో దేశంలో, మరో దశాబ్దంలో, ఆ చెట్టును ఎన్నడూ చూడనివారు చదువుతారు.

అందుకే శాస్త్రీయనామం అవసరమైంది. అయితే శాస్త్రీయనామం రాసినంత మాత్రాన సందిగ్ధత తొలగిపోతుందన్నది పాక్షిక సత్యమే. ఒకే లాటిన్ పేరు కింద నాలుగు వేర్వేరు జాతులు దశాబ్దాల తరబడి దాగి ఉండగలవు. ఆ పేరుతో వచ్చిన పరిశోధన పత్రాలలో ఏది ఏ జాతిని గురించినదో తర్వాత విడదీయడం అసాధ్యం కావచ్చు. యూవాలేసియా ఫోర్నికేటస్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. మన విశ్వవిద్యాలయాలలో కలప తొలిచే పురుగులపై పరిశోధన చేసేవారికి ఈ ఉదంతం దూరదేశపు కథ కాదు. దక్షిణ భారతదేశపు తేయాకు సాహిత్యంలోను, దానిమ్మ సాహిత్యంలోను ఈ పేరు వాడుకలో ఉంది.

2. పురుగు, బూజు, సొరంగం

1836లో ఆస్ట్రియాకు చెందిన జోసెఫ్ ష్మిడ్‌బెర్గర్ పండ్లచెట్ల కలపలో ఈ పురుగుల సొరంగాలను పరిశీలించాడు. వాటి గోడలపై ఉన్న తెల్లని పూతను పురుగులు తింటున్నాయని గమనించి, దానికి 'ఆంబ్రోసియా' అని పేరు పెట్టాడు. గ్రీకు పురాణాలలో అది దేవతల ఆహారం, మన అమృతం వంటిది. చెట్టు రసమే అలా పేరుకొంటుందని ఆయన భావించాడు. ఆ పూత శిలీంధ్రమని 1844లో థియోడోర్ హార్టిగ్ గుర్తించాడు. పేరు మాత్రం నిలిచిపోయింది.

ఈ పురుగులు కలపను తొలుస్తాయే గాని తినవు. తొలిచిన పొట్టును బయటికి నెట్టివేస్తాయి. ఆడపురుగు తన దేహంలోని శిలీంధ్రకోశంలో, అంటే మైకాంజియంలో, బూజు బీజాలను మోసుకొని కొత్త చెట్టుకు వస్తుంది. సొరంగం తవ్వి, గోడలపై వాటిని నాటి, పంట ఎదిగాక గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులకు ఆ బూజే ఆహారం. పంట పండించడం మనిషి కనిపెట్టిన విద్య అనుకొంటాం గాని, ఈ పురుగుల వంశంలో శిలీంధ్ర సేద్యం మనకన్నా కోట్ల సంవత్సరాలు ముందే, అదీ వేర్వేరు శాఖలలో పలుమార్లు, ఆరంభమైంది.

వర్గీకరణ దృష్ట్యా ఇవి ముక్కుపురుగుల కుటుంబమైన కర్క్యులియోనిడేకు చెందుతాయి. ఆ కుటుంబంలో స్కోలిటినే, ప్లాటిపోడినే అనే రెండు ఉపకుటుంబాలలో ఆంబ్రోసియా పురుగులున్నాయి. ఉష్ణమండలంలో ఎక్కువగా ఎదురయ్యేది స్కోలిటినేలోని గ్జైలెబోరిని అనే సమూహం. వెయ్యికి పైగా జాతులున్న ఈ సమూహపు సంతానోత్పత్తి పద్ధతి జాతి నిర్ధారణను నేరుగా ప్రభావితం చేస్తుంది కనుక దానిని కొంత వివరించాలి.

ఫలదీకరణం చెందిన గుడ్ల నుంచి ఆడపురుగులు, చెందని గుడ్ల నుంచి మగపురుగులు పుడతాయి. ఒక సొరంగంలో ఆడవి అనేకం, మగవి ఒకటి రెండు మాత్రమే. మగపురుగు చిన్నది, ఎగరలేదు. అది పుట్టిన సొరంగంలోనే తన అక్కచెల్లెళ్ళతో జతకడుతుంది. బయటికి ఎగిరి వచ్చే ప్రతి ఆడపురుగు అప్పటికే గర్భిణి. జతకట్టని ఆడపురుగైనా మగ సంతానాన్ని కని, దానితో జతకట్టి కుటుంబాన్ని నెలకొల్పగలదు. దీనికి రెండు పర్యవసానాలున్నాయి. మొదటిది, ఓడలో వచ్చిన ఒక్క కలపముక్కలోని ఒక్క ఆడపురుగు ఒక ఖండాన్ని ఆక్రమించడానికి చాలు. రెండవది, మగపురుగులు చేతికి చిక్కడం అరుదు కనుక మన గుర్తింపు పట్టికలన్నీ ఆడపురుగుల లక్షణాల మీదనే ఆధారపడతాయి. ఎన్నో కీటక సమూహాలలో దగ్గరి జాతులను విడదీయడానికి మగ జననాంగాలు తిరుగులేని ఆధారం. ఇక్కడ ఆ సౌకర్యం దాదాపు లేదు.

3. క్షేత్రంలో కనిపించేది

చెట్టుపై రంధ్రం కనబడగానే మొదట వేసుకోవలసిన ప్రశ్న 'ఇది ఏ జాతి?' అన్నది కాదు, 'ఇది ఆంబ్రోసియా పురుగేనా?' అన్నది. కలపను పొడిచేసే బోస్ట్రికిడ్ పురుగులు కూడా ఇటువంటి గుండ్రని రంధ్రాలే చేస్తాయి. కాండాన్ని చీల్చి చూస్తే తేడా తెలుస్తుంది. పొడిపురుగుల పిల్లల సొరంగాలు మెత్తని పిండితో కిక్కిరిసి ఉంటాయి. ఆంబ్రోసియా సొరంగం ఊడ్చినట్టు శుభ్రంగా ఉంటుంది. దాని గోడలు, చుట్టూ కొంత కలప, శిలీంధ్రం వల్ల గోధుమ లేదా నల్లరంగుకు మారి ఉంటాయి. బెరడు కిందనే ఉండిపోయే బెరడు పురుగుల దారులు కలప పైపొరను గీస్తాయే తప్ప లోతుకు దిగవు.

రంధ్రం వద్ద కనిపించే లక్షణాలను నమ్మడంలో జాగ్రత్త అవసరం. అవకాడో కాండంపై ఫోర్నికేటస్ రంధ్రం చుట్టూ తెల్లని చక్కెర పొడి పేరుకొంటుంది. అది పెర్సీటాల్ అనే చక్కెర. మరో చెట్టుపై అదే పురుగు దాడిచేస్తే జిగురు కారవచ్చు, తడి మరక ఏర్పడవచ్చు, లేదా రంధ్రం తప్ప మరేమీ కనిపించకపోవచ్చు. అంటే ఆ లక్షణం చెట్టు ప్రతిస్పందన గాని పురుగు సంతకం కాదు. గ్జైలోసాండ్రస్ ప్రజాతి పురుగులు తవ్విన పొట్టు తరచుగా సేమియా పోగులా గట్టిపడి రంధ్రం నుంచి నిలువుగా పొడుచుకొని వస్తుంది. అది ప్రజాతికి ఒక సూచన. గాలికి రాలిపోతుంది కనుక అది లేకపోవడాన్ని సాక్ష్యంగా తీసుకోరాదు.

ఉచ్చుల విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. ఒత్తిడికి లోనైన చెట్లు ఇథనాల్‌ను వెలువరిస్తాయి. చాలా ఆంబ్రోసియా జాతులు ఆ వాసనకు వస్తాయి కనుక సర్వేలలో ఇథనాల్ ఎరను వాడడం రివాజు. ఫోర్నికేటస్ సమూహం దానికి అంతగా స్పందించదు. దానికి క్వెర్సివొరాల్ అనే ఎర బాగా పనిచేస్తుంది. కేవలం ఇథనాల్ ఉచ్చులతో చేసిన సర్వేలో ఈ పురుగు కనబడలేదంటే, అది అక్కడ లేదని తేల్చడానికి వీలులేదు.

4. సూక్ష్మదర్శిని కింద

ఉపకుటుంబాన్ని గుర్తించడం సులభం. ప్లాటిపోడినే పురుగు పొడవుగా గొట్టంలా ఉంటుంది. తల ప్రొనోటం అంత వెడల్పుగా ఉండి పైనుంచి స్పష్టంగా కనబడుతుంది. పాదంలోని మొదటి ఖండం మిగిలినవన్నీ కలిపినంత పొడవు. స్కోలిటినేలోని గ్జైలెబోరిని పురుగుకు తల ప్రొనోటం కింద దాగి, పైనుంచి చూస్తే కనబడదు.

ప్రజాతి స్థాయిలో చూడవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. ముందుకాళ్ళ మొదళ్ళు ఒకదానికొకటి తాకుతున్నాయా, ఎడంగా ఉన్నాయా అన్నది మొదటి పరీక్ష. గ్జైలోసాండ్రస్‌లో అవి స్పష్టంగా ఎడంగా ఉంటాయి. గ్జైలెబోరస్, యూవాలేసియాలలో తాకుతాయి. గ్జైలోసాండ్రస్‌కు శిలీంధ్రకోశం ప్రొనోటానికి, పెంకురెక్కలకు మధ్యభాగంలో ఉంటుంది. దాని ద్వారం వద్ద ప్రొనోటం అంచున వెంట్రుకల కుచ్చు కనబడుతుంది. గ్జైలెబోరినస్‌లో స్కుటెల్లం చిన్న మొనలా మాత్రమే మిగిలి, పెంకురెక్కల మొదట్లో నొక్కు, వెంట్రుకలు ఉంటాయి. యూవాలేసియాకు శిలీంధ్రకోశాలు తలలో, నోటి సమీపంలో, జంటగా ఉంటాయి కనుక బయటినుంచి కుచ్చు ఏదీ కనిపించదు. ఆ ప్రజాతిలో పెంకురెక్కల వెనుక భాగపు వాలు క్రమంగా, గుండ్రంగా దిగుతుంది. వాలుకు ఇరుపక్కల అంచున సన్నని కట్ట ఉంటుంది.

జాతి స్థాయిలో కొన్నిసార్లు ఒకే లక్షణం చాలు. గ్జైలోసాండ్రస్ క్రాసియస్‌క్యులస్‌ను వాలుపై ఉండే మెరుపులేని గరుకు ఉపరితలం వెంటనే పట్టిస్తుంది. మిగిలిన దేహం మెరుస్తుండగా అక్కడ మాత్రం సానరాయిలా ఉంటుంది. ఫోర్నికేటస్ సమూహంలో ఇటువంటి అదృష్టం లేదు. ఆడపురుగు సుమారు 1.8 నుంచి 2.5 మిల్లీమీటర్లు. మగది ఒకటిన్నర మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఈ సమూహంలోని నాలుగు జాతులకూ ప్రొనోటం, వాలు, వెంట్రుకల వరుసలు స్థూలంగా ఒకటే. పెంకురెక్కల పొడవు, ప్రొనోటం పొడవు వెడల్పులు సగటున భిన్నంగా ఉన్నా, ఒక జాతిలోని పెద్ద పురుగు, మరో జాతిలోని చిన్న పురుగు ఒకే కొలతకు రావచ్చు. చేతిలో ఒకే పురుగు ఉన్నప్పుడు స్వరూపం ఆధారంగా 'సమూహం' వరకు చెప్పగలం. ఇరవై పురుగులుంటే జాతిని ఊహించగలం. ఆ ఊహను నిర్ధారణ అనరాదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన పరిశోధన వ్యాసాలలో చాలాచోట్ల 'గుర్తింపు పట్టికల సహాయంతో జాతిని నిర్ధారించాము' అనే ఒక్క వాక్యంతో ఈ అంశం ముగిసిపోతుంది. ఏ పట్టిక, ఏ లక్షణాలు, ఎన్ని పురుగులు, అవి ఇప్పుడు ఎక్కడున్నాయి అన్న వివరాలు కానరావు. నాలుగు నెలల జీవితచరిత్ర ప్రయోగానికి నాలుగు పుటలు, ఆ పురుగు ఏదో చెప్పడానికి ఒక వాక్యం. ఈ నిష్పత్తి సరైనది కాదు.

5. ఒక పేరు, నాలుగు జాతులు

1868లో జర్మన్ అటవీ అధికారి విల్హెల్మ్ ఐకాఫ్, సిలోన్ నుంచి వచ్చిన నమూనా ఆధారంగా గ్జైలెబోరస్ ఫోర్నికేటస్‌ను వర్ణించాడు. 19వ శతాబ్ది చివరికే సిలోన్ తేయాకు తోటలలో ఒక షాట్‌హోల్ బోరర్ ప్రధాన సమస్యగా పరిణమించింది. సొరంగాల వల్ల బలహీనపడిన కొమ్మలు కోతల సమయంలో విరిగిపోయేవి. ఆ పురుగుకు ఐకాఫ్ పెట్టిన పేరునే వాడారు. తర్వాత ఎగర్స్ 1923లో ఫోర్నికేటియర్, షెడ్ల్ 1942లో విట్‌ఫోర్డియోడెండ్రస్, 1951లో పెర్‌బ్రెవిస్ అనే దగ్గరి రూపాలకు పేర్లు పెట్టారు. వీటిలో విట్‌ఫోర్డియోడెండ్రస్ అన్నది పురుగు దొరికిన మొక్క ప్రజాతి నుంచి వచ్చిన పేరు. బహుభక్షక పురుగుకు ఒక మొక్క పేరు పెట్టడం ఎంత తప్పుదారి పట్టించగలదో దీనిలో చూడవచ్చు. కాలక్రమంలో ఇవన్నీ ఫోర్నికేటస్‌కు పర్యాయనామాలుగా కలిసిపోయాయి. బాహ్య స్వరూపం మాత్రమే ఆధారమైన కాలంలో ఆ నిర్ణయం అసమంజసం కాదు.

2003లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఒక ఉచ్చులో ఈ రూపమున్న ఆడపురుగు పడింది. తేయాకు షాట్‌హోల్ బోరర్‌గా నమోదైంది. కాలిఫోర్నియాలో తేయాకు పంట నామమాత్రం కనుక ఆ నమోదు ఎవరినీ కలవరపెట్టలేదు. 2009లో ఇజ్రాయెల్‌లోని అవకాడో తోటలలో ఎండు కొమ్మలతో పాటు అటువంటి పురుగే కనిపించింది. 2012లో లాస్ ఏంజెలెస్‌లో ఒక పెరటి అవకాడో చెట్టుపై పురుగును, దానితో ఉన్న ఫ్యుజేరియం శిలీంధ్రాన్ని గుర్తించినప్పుడు అసలు సంగతి బయటపడింది. తర్వాత అక్కడి రెండు ఉద్యానవనాలలో పరిశీలించిన 335 చెట్ల జాతులలో 207 జాతులపై దాడి గుర్తులున్నాయని 2013లో ప్రచురించిన సర్వే చూపింది. తేయాకు పురుగు అన్న చీటీ కింద తొమ్మిదేళ్లుగా ఉన్నది ఇటువంటి విస్తృత బహుభక్షకం.

కాలిఫోర్నియా పురుగు డీఎన్ఏను తేయాకు ప్రాంతాల పురుగుతో పోల్చినప్పుడు రెండింటి మధ్య జాతుల స్థాయి అంతరం కనబడింది. పేరు ఏమి పెట్టాలో తెలియక కొన్నేళ్లు 'ఫోర్నికేటస్‌ను పోలినది' అని, వాడుకలో 'పాలిఫేగస్ షాట్‌హోల్ బోరర్' అని వ్యవహరించారు. ఇంతలో శాండియాగో ప్రాంతంలో దొరికిన పురుగులు ఈ రెండింటికీ చెందనివని తేలింది. వాటిని కురోషియో షాట్‌హోల్ బోరర్ అన్నారు. రిచర్డ్ స్టౌటామర్ బృందం 2017లో ఆసియా నుంచి సేకరించిన నమూనాలతో ఈ సమూహపు జన్యు భౌగోళికాన్ని ప్రచురించింది. ఆ పరిశోధనలన్నింటి ఫలితంగా నాలుగు శాఖలు స్పష్టమయ్యాయి. బహుభక్షక శాఖ ఒకటి, కురోషియో శాఖ ఒకటి, తేయాకు శాఖలు రెండు.

శాఖలు తేలాయి, పేర్లు తేలలేదు. జంతు నామకరణ నియమాల ప్రకారం ఒక పేరు ఏ జాతికి చెందుతుందో నిర్ణయించేది ఆ పేరుతో మొదట వర్ణించిన మూల ప్రతిరూపం. వర్ణన కాదు, తర్వాతివారి వాడుక కాదు. ఐకాఫ్ సేకరణలు జర్మనీలోని హాంబర్గ్ మ్యూజియంలో ఉండేవి. 1943 బాంబు దాడులలో ఆ మ్యూజియం ధ్వంసమైంది. ఫోర్నికేటస్ మూల ప్రతిరూపం దానితోనే నశించిందని అందరూ భావించారు. అది లేనప్పుడు వాడుకను, దొరికిన ఇతర ప్రతిరూపాలను ఆధారం చేసుకోవలసిందే. 2018లో డెమియన్ గోమెజ్, జిరి హల్చర్ మొదలైనవారు ఆ మార్గంలోనే వెళ్ళారు. తేయాకు శాఖలలో ఒకదానికి ఫోర్నికేటస్, రెండవదానికి ఫోర్నికేటియర్, బహుభక్షక శాఖకు పునరుద్ధరించిన విట్‌ఫోర్డియోడెండ్రస్ అన్న పేర్లను కేటాయించి, కురోషియో శాఖను కొత్త జాతిగా యూవాలేసియా కురోషియో అని వర్ణించారు.

సంవత్సరం తిరగకుండానే చిత్రం మారింది. నశించిందనుకొన్న ఐకాఫ్ ప్రతిరూపం ఒకటి బతికే ఉందని తెలిసింది. సారా స్మిత్, ఆంథొనీ కాగ్నాటో, రోజర్ బీవర్‌లు, 2018 పత్రం రాసిన గోమెజ్, హల్చర్‌లు కలిసి దానిని పరిశీలించి 2019లో ఫలితాన్ని ప్రచురించారు. ఆ ప్రతిరూపం తేయాకు శాఖకు కాక బహుభక్షక శాఖకు సరిపోయింది. అంటే నియమం ప్రకారం ఫోర్నికేటస్ అన్న పేరు లాస్ ఏంజెలెస్ పురుగుదే. విట్‌ఫోర్డియోడెండ్రస్ దానికి పర్యాయనామమైంది. అంతకుముందు ఏడాది ఫోర్నికేటస్ అనిపించుకొన్న తేయాకు శాఖకు షెడ్ల్ పెట్టిన పెర్‌బ్రెవిస్ అన్న పేరు వచ్చింది. ఫోర్నికేటియర్, కురోషియో మారలేదు.

తమ నిర్ణయాన్ని తామే ఏడాదిలో సవరించుకొన్న ఆ ఇద్దరు పరిశోధకుల వైఖరి ప్రశంసనీయం. కాని పాఠకునికి మిగిలిన చిక్కు చిన్నది కాదు. 2018కి ముందు పత్రాలలో 'యూవాలేసియా ఫోర్నికేటస్' అంటే నాలుగింటిలో ఏదైనా కావచ్చు. 2018 సవరణను అనుసరించిన పత్రాలలో అది తేయాకు శాఖలలో ఒకటి. 2019 తర్వాత అది బహుభక్షక శాఖ. ఒకే పేరుకు మూడు అర్థాలు, వాటిని విడదీసేది ప్రచురణ సంవత్సరం, అదీ రచయిత ఏ సవరణను అనుసరించాడో చెప్పినప్పుడే. సాహిత్య సమీక్షలో ఆతిథ్య వృక్షాల పట్టికలను యాంత్రికంగా కూర్చేవారు ఈ సంగతిని గమనించకపోతే, నాలుగు జాతుల ఆహారపుటలవాట్లు ఒకే పురుగుకు అంటగట్టినవారవుతారు.

దీనివల్ల క్షేత్రంలో కలిగే నష్టం ఊహాజనితం కాదు. 2017లో దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్స్‌బర్గ్ ఉద్యానవనంలో, 2021లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఈస్ట్ ఫ్రీమాంటిల్‌లో ఒక పెరటి చెట్టుపై కనబడినది బహుభక్షక ఫోర్నికేటసే. ఫ్లోరిడా అవకాడో తోటలలో ఉన్నది పెర్‌బ్రెవిస్. ఏ దేశంలో సహజ శత్రువులను వెతకాలి, ఏ చెట్లను ముందుగా పరిశీలించాలి, ఏ సరకును నిఘాలో ఉంచాలి అన్న నిర్ణయాలన్నీ ఈ తేడా మీదనే ఆధారపడతాయి.

6. డీఎన్ఏ సాక్ష్యం, దాని పరిమితి

నేటి నిర్ధారణలో మొదటి ఆధారం మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువు. కీటకాలకు సాధారణంగా వాడే ఖండం 658 బేస్ జతల పొడవు. ఫోర్నికేటస్ సమూహంలోని నాలుగు జాతులను ఈ ఒక్క జన్యువే విడదీయగలదు. క్రమాన్ని జన్యు నిధులలోని క్రమాలతో పోల్చేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం.

జన్యు నిధిలో 2018కి ముందు చేరిన క్రమాలు పాత పేర్లతోనే ఉండవచ్చు. పోలిక నూటికి నూరు వచ్చినా, ఎదుటి క్రమానికి తగిలించిన పేరు తప్పయితే మన పేరూ తప్పే. కనుక పేరును కాక, సవరణ పత్రాలలో ప్రస్తావించిన క్రమాలను పోలికకు తీసుకోవాలి.

రెండవ జాగ్రత్త సూక్ష్మమైనది. అనేక జంతు సమూహాలలో సీఓఐలో రెండు మూడు శాతం తేడా ఉంటే వేరు జాతిగా అనుమానించడం అలవాటు. గ్జైలెబోరినిలో ఆ కొలబద్ద చెల్లదు. తోబుట్టువుల మధ్యనే జతకట్టే వంశాలలో తల్లి రేఖలు ఒకదానితో ఒకటి కలియక విడివిడిగా సాగుతాయి. ఒకే జాతిలోనే మైటోకాండ్రియా తేడాలు పేరుకొంటాయి. ఈ సమూహానికి సీఓఐలో 10 నుంచి 12 శాతం, కేంద్రక జన్యువైన క్యాడ్‌లో 2 నుంచి 3 శాతం తేడాను జాతి సరిహద్దుకు సూచికగా తీసుకోవచ్చని కాగ్నాటో తదితరులు 2020లో ప్రతిపాదించారు. సీఓఐలో ఐదు శాతం తేడా చూసి 'కొత్త జాతి' అని ప్రకటించే తొందర ఇక్కడ తగదు. కేంద్రక జన్యువు, స్వరూపం కూడా అదే చెప్పాలి.

నమూనా సేకరణ దశలోనే దీనికి సిద్ధపడాలి. పురుగులను ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ పాడవుతుంది. 95 శాతం ఇథనాల్‌లో వేసి చల్లగా భద్రపరచాలి. దేహాన్ని నూరకుండా ఎంజైమ్ ద్రావణంలో నానబెట్టి డీఎన్ఏ తీసే పద్ధతి ఉంది. తర్వాత కవచం చెక్కుచెదరకుండా మిగులుతుంది. దానిని గుచ్చి, చీటీ తగిలించి, మ్యూజియంలో ఉంచవచ్చు. 1868 నాటి ఒక్క ప్రతిరూపం నిలిచి ఉండడం వల్లనే 2019 నిర్ణయం సాధ్యమైందన్నది గుర్తుంచుకొంటే, ఈ చివరి పని ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

7. శిలీంధ్రం ఏం చెబుతుంది?

పురుగును కాక దాని పంటను చూసి పురుగును పోల్చుకోవచ్చు కదా అన్న ఆలోచన సహజం. 1947లో గాడ్, లూస్ సిలోన్ తేయాకు పురుగు సొరంగాల నుంచి వేరుచేసిన శిలీంధ్రాన్ని మోనాక్రోస్పోరియం ఆంబ్రోసియం అని వర్ణించారు. నేడది ఫ్యుజేరియం ప్రజాతిలో ఉంది. ఇజ్రాయెల్, కాలిఫోర్నియా పురుగుల నుంచి వేరుచేసిన శిలీంధ్రాన్ని 2013లో ఫ్యుజేరియం యూవాలేసియే అన్నారు. కురోషియో పురుగుకు ఫ్యుజేరియం కురోషియం ఉంది. వీటితో పాటు గ్రాఫియం ప్రజాతి శిలీంధ్రాలూ శిలీంధ్రకోశాలలో ప్రయాణిస్తాయి.

ఈ జతలు చూడడానికి పొందికగా ఉన్నా, నిర్ధారణకు చాలవు. పురుగుల వంశవృక్షాన్ని, వాటి ఫ్యుజేరియం వంశవృక్షాన్ని పక్కపక్కన ఉంచి చూసినప్పుడు రెండూ సరిపోవడం లేదని 2015లో ఓడానెల్ బృందం చూపింది. అంటే శిలీంధ్రాలు ఒక పురుగు వంశం నుంచి మరొకదానికి పలుమార్లు మారాయి. ఒకే చెట్టులో రెండు జాతులు పక్కపక్కనే తొలిచినప్పుడు అటువంటి మార్పిడికి అవకాశం ఉంటుంది. శిలీంధ్రాన్ని గుర్తించడం చెట్టుకు జరిగే నష్టాన్ని అర్థం చేసుకోవడానికి తప్పనిసరి. పురుగు పేరుకు మాత్రం అది తోడుసాక్షి మాత్రమే.

వేరుచేసే పద్ధతిలోనూ ఒక మెలకువ ఉంది. సొరంగం గోడ నుంచి తీసిన కలపముక్కలో గాలివాటున వచ్చిన బూజులు ఎన్నో ఉంటాయి. బతికున్న ఆడపురుగు పైభాగాన్ని శుద్ధి చేసి, తలను వేరుచేసి, దానిని నూరి పెంపక మాధ్యమంపై వేస్తే, కోశాలలో మోసుకొచ్చినవి ప్రధానంగా పెరుగుతాయి. గ్జైలోసాండ్రస్‌కు ఇదే పని చేయాలంటే తలను కాదు, కోశమున్న రొమ్ముభాగాన్ని తీసుకోవాలి. ప్రజాతి తెలియకుండా శిలీంధ్రాన్నీ సరిగా వేరుచేయలేమన్నమాట.

8. మన తోటలు, మన రికార్డులు

అనంతపురం ప్రాంతంలో దానిమ్మ విస్తారంగా సాగవుతుంది. దానిమ్మ ఎండు తెగులుకు ముఖ్య కారణాలలో సెరాటోసిస్టిస్ శిలీంధ్రం ఒకటి. ఎండిపోతున్న చెట్ల మొదళ్ళపై షాట్‌హోల్ రంధ్రాలు కూడా తరచుగా కనిపిస్తాయి. సలహా పత్రాలలో ఆ పురుగుకు కొన్నిచోట్ల గ్జైలెబోరస్ ఫోర్నికేటస్ అని, కొన్నిచోట్ల గ్జైలెబోరస్ పెర్ఫొరాన్స్ అని పేరుంటుంది. ఈ రెండు పేర్ల మధ్య అంతరం కేవలం వర్గీకరణ విషయం కాదు. పెర్ఫొరాన్స్ వంటి జాతులు ప్రధానంగా బలహీనపడిన, చనిపోతున్న చెట్లకు వస్తాయి. బహుభక్షక ఫోర్నికేటస్ ఆరోగ్యంగా కనిపించే చెట్లపైనా దాడిచేసి శిలీంధ్రాన్ని నాటగలదు. మొదటిది అయితే పురుగు తెగులుకు అనుచరి. మందు కాండంపై పూసినా చెట్టు నిలవదు, వేరు వద్ద తెగులును పట్టించుకోవాలి. రెండవది అయితే పురుగే దాడికి నాయకత్వం వహిస్తుండవచ్చు, పురుగున్న కొమ్మలను కోసి నాశనం చేయడం మొదటి పని. రైతు ఖర్చు ఏ దిక్కున సాగాలో నిర్ణయించేది రెండు మిల్లీమీటర్ల పురుగు పేరు. ఈ నేపథ్యంలో తోటలవారీగా, పురుగుల సంఖ్యతో, చెట్టు స్థితితో, డీఎన్ఏ క్రమంతో కూడిన నిర్ధారణ ఒక పూర్తిస్థాయి పీహెచ్‌డీ అంశానికి తగినది.

గుర్తింపు పట్టికల విషయంలో రెండు గ్రంథాలు మన పరిశోధకులకు అందుబాటులో ఉండాలి. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సి.ఎఫ్.సి. బీసన్ 1941లో భారత అటవీ కీటకాలపై వెలువరించిన గ్రంథం ఆతిథ్య వృక్షాల సమాచారానికి ఇప్పటికీ విలువైనది. అయితే దానిలోని పేర్లను నేటి పేర్లకు మార్చుకొని చదవాలి. స్మిత్, బీవర్, కాగ్నాటోలు 2020లో ఇండోచైనా ద్వీపకల్పం, చైనాల గ్జైలెబోరినిపై వెలువరించిన బృహద్గ్రంథం నేడున్న వాటిలో అత్యంత సమగ్రమైన సచిత్ర పట్టికను ఇస్తుంది. దాని పరిధి భారత ద్వీపకల్పం కాదు. మన దగ్గర మాత్రమే ఉన్న జాతి ఆ పట్టికలో పెడితే ఏదో ఒక తప్పు పేరు వద్ద ఆగుతుంది. పట్టిక ఎప్పుడూ ఒక సమాధానం ఇస్తుంది, సమాధానం తనలో లేదని చెప్పదు. కనుక పట్టిక చివర వచ్చిన పేరును ఆ జాతి పూర్తి వర్ణనతోను, చిత్రంతోను, వ్యాప్తి ప్రాంతంతోను సరిచూడడం తప్పనిసరి.

పాత రికార్డులను ఏం చేయాలన్న ప్రశ్న మిగిలింది. సిద్ధాంత గ్రంథాలలో 'యూవాలేసియా ఫోర్నికేటస్' అని నమోదై, నమూనాలు విభాగంలోని పెట్టెలలో ఇంకా మిగిలి ఉంటే వాటిని తిరిగి చూడవచ్చు. ఎండు పురుగులో డీఎన్ఏ ముక్కలై ఉన్నా, జాతిని తేల్చడానికి సరిపడే చిన్న ఖండాలు రాబట్టే అవకాశం ఉంటుంది. నమూనాలు లేనప్పుడు ఆ రికార్డును కొత్త పేరుకు మార్చే ప్రయత్నం చేయరాదు. పంట తేయాకు కాబట్టి పెర్‌బ్రెవిస్ అయివుంటుందని, దానిమ్మ కాబట్టి ఫోర్నికేటస్ అయివుంటుందని ఊహించడం పాత పొరపాటునే కొత్త పేరుతో కొనసాగించడమవుతుంది. అటువంటి చోట 'యూవాలేసియా ఫోర్నికేటస్, విస్తృతార్థంలో' అని రాసి, నమూనా లభ్యం కాలేదని పక్కన నమోదు చేయాలి.